యంత్రములకు నీటి చలువ

తిరుపతి జిల్లాలోని సూళ్లూరుపేట నుండి తూర్పుగా శ్రీహరికోటకు పోవు రోడ్డు పులికాట్ సరస్సును దాటిపోవును. రోడ్డునకు ఇరువైపుల కనుచూపు మేర ఉప్పునీరు. దానికి ఆవల శ్రీహరికోట దీవి. దీవికి ఆవల బంగాళాఖాతము. ఈ సరస్సు ప్రాణమంతయు దానిని సముద్రముతో కలుపు ముఖద్వారములలో ఉన్నది. ఆటుపోటులతో నీరు వచ్చి పోవుచున్నంత కాలము చేపలు, రొయ్యలు పెరుగును. జాలరుల వలలు నిండును. ఉత్తరమున రాయదొరువు వంటి చోట్ల ఇసుక మేట వేసి ద్వారము పూడినప్పుడు సరస్సులో నీరు ఉండియు లేనట్లే యగును. నిలిచిన నీరు ఎండకు వేడెక్కును, ఉప్పదనము పెరుగును, జీవులు తగ్గిపోవును. నీరు ఉన్నంత మాత్రమున చాలదు, అది కదలవలెను. ఆ తీరమున పుట్టిన వారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

యంత్రములను నిర్మించువారు ఇదే పాఠమును ఎన్నో పొరపాట్లు పడి నేర్చుకొనిరి. నేడు బల్ల మీది కంప్యూటరులో ప్రాసెసరును చల్లబరచుటకు అరచేతిలో ఇముడు పంపు, రెండు రబ్బరు గొట్టములు, ఫానులు బిగించిన చిన్న రేడియేటరు, అన్నియు కలిపి ఒకే సామగ్రిగా అమ్ముచున్నారు. దుకాణములలో దీనిని లిక్విడ్ కూలరు అందురు. నాలుగు మరలతో దీనిని అరగంటలో బిగింపవచ్చును. కాని ఈ చిన్న పరికరము వెనుక మోటారు కారు, రాకెట్టు ఇంజను, వాతావరణమును లెక్కకట్టు మహాయంత్రములు కలిసి నడచిన సుదీర్ఘ చరిత్ర ఉన్నది. అందులో ఒక ఘట్టము పులికాట్ ఒడ్డున, శ్రీహరికోటలోనే జరిగినది.

వేడి ఎక్కడికి పోవును?

మొదట ఒక భౌతికశాస్త్ర సూత్రమును గుర్తుచేసికొనవలెను. శక్తి నశింపదు, రూపము మాత్రము మార్చుకొనును. ప్రాసెసరులోనికి వచ్చు విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు చివరకు ఉష్ణముగా మారును. 200 వాట్ల విద్యుత్తును తీసికొను ప్రాసెసరు, వేడి విషయమున, 200 వాట్ల పొయ్యియే. ఇస్త్రీ పెట్టె 1,000 వాట్లు తీసికొనును గదా, ఇది ఎంత అని తోచవచ్చును. కాని ఇస్త్రీ పెట్టె అడుగు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు; అనగా చదరపు సెంటీమీటరునకు 5 వాట్లు. ప్రాసెసరులోని సిలికాను పలక రెండు మూడు చదరపు సెంటీమీటర్లకు మించదు. అక్కడ ప్రతి చదరపు సెంటీమీటరునకు 70 వాట్లు మొదలు 100 వాట్ల వరకు వేడి పుట్టుచుండును. సమస్య వేడి మొత్తములో కంటె, అది పుట్టు చోటి ఇరుకులో ఎక్కువగా ఉన్నది.

ఈ వేడిని గాలితో తీయవచ్చును, నీటితోను తీయవచ్చును. ఏది ఎంత మోయగలదో విద్యార్థులే లెక్క కట్టి చూడవచ్చును. 200 వాట్ల ప్రాసెసరు ఒక నిమిషములో 12,000 జౌళ్ల ఉష్ణమును విడచును. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు 4.18 జౌళ్లు కావలెను. నిమిషమునకు ఒక లీటరు నీరు ప్రాసెసరు మీదుగా పోయిన, ఆ వేడి నంతటిని గ్రహించియు నీటి ఉష్ణోగ్రత 3 డిగ్రీలైనను పెరుగదు. అదే వేడిని, అంతే పెరుగుదలతో, గాలి మోయవలెనన్న నిమిషమునకు సుమారు 3,600 లీటర్ల గాలి కావలెను. ఒక చెంబు నీరు చేయు పనికి ఒక చిన్న గదిలో మూడవవంతు గాలి అవసరమగుచున్నది.

ఇచట ఒక అపోహను తొలగింపవలెను. వేసవిలో మట్టికుండలోని నీరు గది కంటె చల్లగా ఉండును. కుండ గోడ నుండి ఊరిన నీరు ఆవిరియగుచు లోపలి వేడిని తీసికొనిపోవుటయే దానికి కారణము. లిక్విడ్ కూలరులో నీరు ఆవిరి కాదు. మూసిన గొట్టములలో తిరుగుచుండును. కనుక అది ప్రాసెసరును గది ఉష్ణోగ్రత కంటె చల్లబరచలేదు. అది చలువను పుట్టించు యంత్రము కాదు, వేడిని ఇరుకైన చోటి నుండి విశాలమైన చోటికి మోసికొనిపోవు బండి. ప్రాసెసరు వద్ద ఎత్తుకొన్న వేడిని రేడియేటరు రేకుల మీద పరచి, అక్కడ గాలికి అప్పగించును. ఈ చరిత్ర అంతయు ఆ బండి నడక చరిత్రయే.

కారు నుండి రాకెట్టు వరకు

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మోటారు బండిలో సిలిండరు చుట్టును నీరు ఉండెడిది. కాని ఆ నీరు మరిగి ఆవిరియై పోయెడిది. 1888లో అతని భార్య బెర్తా బెంజ్ ఆ బండిపై మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు ప్రయాణము చేసినప్పుడు దారి పొడవునను నీరు పోసికొనుచు పోవలసి వచ్చెను. అప్పటికి నీరు వేడిని ఎత్తుకొనుట నేర్చినదే కాని, దింపి తిరిగి వచ్చుట నేర్వలేదు. ఆ లోటును తీర్చినవాడు విల్‌హెల్మ్ మైబాక్. 1900-01లో మెర్సిడెస్ కారు కొరకు అతడు తేనెపట్టు వంటి రేడియేటరును నిర్మించెను. వేలకొలది సన్నని గొట్టముల గుండ గాలి దూసికొని పోవుచుండ, అదే నీరు మరల మరల తిరుగుచు పనిచేసెను. పంపు, గొట్టము, రేడియేటరు, ఫాను అను నాలుగు భాగముల కూర్పు అప్పటికే సిద్ధమైనది. నేటి కంప్యూటరు కూలరులోను ఉన్నవి ఆ నాలుగే.

రాకెట్టులలో సమస్య మరింత తీవ్రమైనది. దహనకక్ష్యలో మంట వేడికి సామాన్య లోహములేవియు నిలువవు. 1903లోనే రష్యా ఉపాధ్యాయుడు త్సియోల్కోవ్‌స్కీ ఒక ఉపాయమును సూచించెను. మండబోవు ద్రవమునే ముందుగా ఇంజను గోడ చుట్టును తిప్పినచో, అది గోడ వేడిని తీసికొనును. ఆ వేడియు వృథా కాక ఇంధనముతో పాటు తిరిగి ఇంజనులోనికే చేరును. 1942లో ఎగిరిన జర్మనీ వి-2 రాకెట్టులో ఇంధనమైన ఆల్కహాలు ఈ పనిని చేసెను.

శ్రీహరికోటలో 1971 అక్టోబరున చిన్న రోహిణి రాకెట్టులతో ప్రయోగములు ప్రారంభమైనవి. పెద్ద ఉపగ్రహములను పైకి పంపుటకు కావలసిన క్రయోజెనిక్ ఇంజనును స్వయముగా నిర్మించుటకు భారతదేశము చాల సంవత్సరములు శ్రమించెను. ఈ ఇంజనులో ఇంధనము ద్రవరూపమున నుండు ఉదజని, అనగా హైడ్రోజను. దాని మరుగు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 253 డిగ్రీలు. అది ఇంజను గోడలోని సన్నని దారులలో ప్రవహించి గోడను కాపాడి, పిదప ఆమ్లజనితో కలిసి మండును. చలువయు అదే, మంటయు అదే.

2010 ఏప్రిలు 15న స్వదేశీ క్రయోజెనిక్ దశతో జి.ఎస్.ఎల్.వి.-డి3 రాకెట్టు శ్రీహరికోట నుండి లేచెను. మొదటి రెండు దశలు సరిగా పనిచేసినవి. మూడవ దశ ఇంజను అంటుకొనినది కాని నిలువలేదు. ఉదజనిని ముందుకు నెట్టు చిన్న టర్బో పంపు ఒక సెకను లోపలనే వేగము కోల్పోయి ఆగిపోయినట్లు విచారణలో తేలినది. ఒక సీలు వద్ద పంపు ఇరుసు పట్టివేయబడి యుండవచ్చును, లేదా టర్బైను కవచము పగిలి యుండవచ్చును అని నిపుణులు భావించిరి. మంటకు కాని, ఇంధనమునకు కాని లోటు లేదు. ప్రవాహము మాత్రము ఆగినది. రాకెట్టు బంగాళాఖాతమున పడిపోయెను. దోషములను సవరించి, అనేక పరీక్షలు జరిపిన పిదప, 2014 జనవరి 5న జి.ఎస్.ఎల్.వి.-డి5 అదే తీరము నుండి జయప్రదముగా ఎగిరినది. ద్రవమును నడిపించు యంత్రములలో పెద్ద భాగములకంటె పంపు, సీలు వంటి చిన్న భాగములే ఎక్కువ పరీక్షించునని ఈ ఘట్టము తెలుపుచున్నది. గణనయంత్రముల చరిత్రలోను జరిగినది ఇదే.

గణనయంత్రము వేడెక్కుట

1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అను గణనయంత్రమును లోకమునకు చూపిరి. అందులో దాదాపు 18,000 వాల్వులు ఉండెడివి. అది 150 కిలోవాట్ల విద్యుత్తును మ్రింగెడిది. ప్రతి వాల్వును ఒక చిన్న దీపము వలె వేడెక్కుచుండ, పెద్ద మోటారులతో గాలిని ఊది యంత్రమును కాపాడెడివారు. 1947లో ట్రాన్సిస్టరు పుట్టినది. అది వాల్వు కంటె చాల తక్కువ విద్యుత్తును తీసికొనును కనుక, వేడి సమస్య ఇక తీరినదని తలచుట సహజము. మన దేశములో 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను స్థాపింపబడినది. దాని తొలి అధిపతి అయ్యగారి సాంబశివరావు. 1969లో వెలువడిన టి.డి.సి.-12 మొదలుకొని ఆ సంస్థ పేరుతో వచ్చిన స్వదేశీ కంప్యూటరులు ఈ ట్రాన్సిస్టరు యుగపు సంతానమే. ఆ తరము యంత్రములకు చల్లని గాలి గల గది సాధారణముగా చాలెడిది.

కాని ట్రాన్సిస్టరు చిన్నదైన కొలది, ఒకే చోట ఎక్కువ ట్రాన్సిస్టరులను కూర్చుట మొదలయ్యెను. ఒక్కొక్కదాని వేడి తగ్గినను, చదరపు సెంటీమీటరుకు పుట్టు వేడి పెరుగ సాగినది. ఐ.బి.ఎం. సంస్థ 1960ల చివర వెలువరించిన సిస్టం 360, మోడల్ 91 అను యంత్రములో భాగముల మధ్యగా పోవు గాలిని దారిలో నీటి గొట్టములతో చల్లబరచిరి. విద్యుత్తు ఉన్న చోటికి నీటిని తెచ్చుట అప్పటి ఇంజనీర్లకు సాహసమే. ఒక్క చుక్క కారినను కోట్ల విలువ గల యంత్రము చెడిపోవును.

1980లో అదే సంస్థ ప్రకటించిన 3081 అను యంత్రములో నీరు మరింత దగ్గరకు వచ్చెను. అరచేతి యంత పింగాణి పలకపై నూటికి పైగా చిప్పులను పేర్చి, ఒక్కొక్క చిప్పుపై స్ప్రింగు బిగించిన ఒక లోహపు కడ్డీని ఆనించిరి. కడ్డీల పైన నీరు ప్రవహించు పలక. చిప్పునకు కడ్డీకి నడుమ మిగులు వెంట్రుక వాసి సందులలో గాలికి బదులు హీలియమును నింపిరి. హీలియము గాలి కంటె సుమారు ఆరు రెట్లు బాగుగా ఉష్ణమును ప్రసరింపజేయును. నీరు ఎంత చల్లనిదైనను, దానికి చిప్పునకు నడుమ గాలిపొర ఉన్నచో ప్రయోజనము లేదని ఆ ఇంజనీర్లు గ్రహించిరి. ఈ మాట గుర్తుంచుకొనదగినది. నేటి కూలరు బిగించునప్పుడు మరల అవసరమగును.

క్రే యంత్రములు

ఆ కాలముననే సేమౌర్ క్రే అను నిర్మాత వేరొక మార్గమున పోయెను. 1976లో లాస్ అలామాస్ ప్రయోగశాలకు చేరిన క్రే-1 యంత్రము 115 కిలోవాట్ల విద్యుత్తును తీసికొనెడిది. దానిని ఇంటి రెఫ్రిజిరేటరు సూత్రముతోనే, ఫ్రియాను ప్రవహించు గొట్టములతో చల్లబరచిరి. వేగములో ఆ యంత్రమునకు ఆనాడు సాటి లేదు. కాని అది అనుకొన్న సమయమునకు సిద్ధము కాలేదు. ఫ్రియానుతో పాటు తిరుగు కంప్రెసరు నూనె అతుకుల వద్ద మంచు వలె బయటికి చిమ్మి, విద్యుత్ పలకలపై పేరుకొని వాటిని పాడుచేసినది. గొట్టములను అతుకు పద్ధతినే మార్చవలసి వచ్చెను; ఆరు నెలలు ఆలస్యమైనది. ప్రపంచములో అత్యంత వేగము గల గణనయంత్రమును ఆపినది లెక్కల తప్పు కాదు, అతుకు తప్పు.

1985లో వచ్చిన క్రే-2లో విద్యుత్తును ప్రసరింపజేయని ఒక ఫ్లోరిను ద్రవములో యంత్రభాగములను పూర్తిగా ముంచివేసిరి. గాజు పాత్రలో ద్రవము పొంగులు వారుచుండుట చూచి దానికి బుడగలు అను ముద్దుపేరు కూడ వచ్చినది.

ఈ కథ మన దేశమునకు వాతావరణ శాస్త్రము ద్వారా వచ్చెను. వర్షాకాలమును, తుపానులను ముందుగా లెక్కకట్టుటకు పెద్ద యంత్రములు కావలెను. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపమున తీరము దాటిన తుపాను వంటివి ఎప్పుడు, ఎచట తీరమును తాకునో ఒక దినము ముందుగా తెలిసినను, పడవలు ఒడ్డున ఉండును, ప్రాణములు దక్కును. 1988లో జాతీయ మధ్యకాలిక వాతావరణ సూచన కేంద్రము ఏర్పడినది. అమెరికా నుండి కొన్న క్రే ఎక్స్-ఎంపి యంత్రము 1989 నాటికి ఢిల్లీలో పనిచేయ నారంభించెను. అదియు ఫ్రియానుతో చల్లబడు యంత్రమే. అంతకంటె శక్తిమంతమైన యంత్రములను అమ్ముటకు అమెరికా అంగీకరింపలేదు. అందువలన 1988లో పుణెలో సీ-డాక్ సంస్థను స్థాపించి, 1991లో పరమ్ 8000 అను స్వదేశీ యంత్రమును నిర్మించిరి.

మరల గాలి, మరల నీరు

1990లలో నీటి గొట్టములు ఒక్కసారిగా మాయమైనవి. కారణము చల్లబరచు విద్యలో కాదు, ట్రాన్సిస్టరులోనే వచ్చిన మార్పు. పాత బైపోలారు పరికరములు పని ఉన్నను లేకున్నను విద్యుత్తును తీసికొనెడివి. వాటి స్థానమున వచ్చిన సీమాస్ పరికరములు స్థితి మారునప్పుడు మాత్రమే ముఖ్యముగా విద్యుత్తును తీసికొనును. నీరు లేనిదే నడువని మహాయంత్రముల వారసులు ఫానులతోనే నడువ సాగినవి. నీటి చలువ ఇక పాత చరిత్ర అని చాలమంది తలచిరి.

కాని సీమాస్ కూడ అదే దారిన పోయెను. 1993 నాటి పెంటియం ప్రాసెసరు సుమారు 15 వాట్లు తీసికొనెడిది. 2004 నాటి పెంటియం 4 రకములు 100 వాట్లను దాటినవి. గృహ కంప్యూటరులలో పెద్ద అల్యూమినియము రేకులు, హోరుమను ఫానులు చేరినవి. అప్పటికే కొందరు ఔత్సాహికులు కారు హీటరులోని చిన్న రేడియేటరును, చేపల తొట్టి పంపును, ప్లాస్టిక్ గొట్టములను కలిపి స్వంతముగా నీటి కూలరులు చేసికొనుచుండిరి. మైబాక్ కూర్పు నూరు సంవత్సరముల తరువాత ఇంటి బల్ల మీదికి వచ్చినది. 2004లో ఆపిల్ సంస్థ తన పవర్ మాక్ జి5లో ఒక రకమును ద్రవముతో చల్లబరచినది. కొన్ని యంత్రములలో కొన్నాళ్లకు ద్రవము కారిన సంఘటనలు వెల్లడియైనవి. అతుకుల పాఠము ఇంకను పూర్తి కాలేదు.

ఆ పాఠమునకు ఒక జవాబు అతుకుల సంఖ్యను తగ్గించుట. డెన్మార్కులో 2000లో ఏర్పడిన ఆసెటెక్ సంస్థ పంపును, ప్రాసెసరుపై ఆనించు రాగిపలకను ఒకే డబ్బాలో కూర్చి, ద్రవమును కర్మాగారములోనే నింపి మూసివేసినది. కొనువాడు గొట్టము కోయనక్కరలేదు, నీరు పోయనక్కరలేదు. 2009లో కోర్సెయిర్ సంస్థ హెచ్50 అను పేరుతో అమ్మిన ఇట్టి కూలరు విశేషముగా వ్యాప్తి పొందినది. నేడు 250 వాట్ల వరకు తీసికొను గృహ ప్రాసెసరులు ఉన్నవి కనుక ఈ సామగ్రి సామాన్యమైపోయినది.

బిగించుటలోని శాస్త్రము

ఈ కూలరును బిగించు విధానములో ప్రతి మెట్టుకును ఒక చారిత్రక కారణము ఉన్నది. విద్యుత్తును ఆపి, పాత కూలరును తీసి, ప్రాసెసరుపై ఎండిన లేపనమును ఆల్కహాలుతో తుడువవలెను. క్రొత్త రాగిపలకకు అంటించి యుండు ప్లాస్టిక్ పొరను మరువక తీయవలెను. తరువాత బఠాణీ గింజంత ఉష్ణవాహక లేపనమును ప్రాసెసరు నడుమ ఉంచవలెను. కంటికి నున్నగా కనిపించు రెండు లోహతలములు నిజమునకు కొండలు లోయల వంటివి. ఆనించినను కొన్ని చోట్లనే తాకును, తక్కిన సందులలో గాలి నిలుచును. 3081లో హీలియము చేసిన పనినే ఇచట లేపనము చేయును. అది ఎక్కువైనను చెరుపే. లోహము కంటె లేపనము ఉష్ణమును చాల తక్కువగా ప్రసరింపజేయును. నాలుగు మరలను ఒక్కొక్కటి పూర్తిగా కాక, ఎదురెదురు మూలలుగా కొంచెము కొంచెము బిగించిన ఒత్తిడి సమముగా పడును.

తరువాతిది రేడియేటరు స్థానము. మూసిన వలయములోను కొంత గాలి ఎప్పుడును ఉండును. రబ్బరు గొట్టముల గుండ కొద్ది కొద్దిగా నీటి ఆవిరి పోవుట వలన సంవత్సరములు గడచిన కొలది ఆ గాలి పెరుగును. గాలి ఎల్లప్పుడు మీదికి చేరును. వలయములో అన్నిటికంటె ఎత్తైన చోట పంపు ఉన్నచో బుడగలు అందులో చేరి, పంపు నీటికి బదులు గాలిని కొట్టును; గలగల శబ్దము వినవచ్చును, ప్రవాహము తగ్గును, పంపు త్వరగా అరుగును. రేడియేటరు పైభాగము పంపు కంటె ఎత్తున ఉన్నచో గాలి అక్కడ హాని లేక నిలుచును. బావి మోటారులో గాలి చేరిన నీరు ఎక్కదని ఎరిగిన రైతుబిడ్డలకు ఈ నియమము సులభముగా బోధపడును.

రేడియేటరు సాధారణముగా అల్యూమినియము, పలక రాగి. రెండు భిన్న లోహములు ఒకే ద్రవములో ఉన్నచో అది చిన్న విద్యుత్ ఘటమువలె పనిచేసి అల్యూమినియమును తినివేయును. దీనిని అడ్డుటకే ద్రవములో గ్లైకాలును, తుప్పు నివారకములను కలుపుదురు. కనుక ఇట్టి కూలరులో మామూలు నీటిని పోయరాదు. బయటి నుండి వచ్చు ప్రమాదము వేరు. పులికాట్ వంటి తీరములలో ఉప్పుగాలి తేమతో కలిసి రేకులపై దుమ్మును జిగురువలె అంటించును. నెలకొకసారి మెత్తని కుంచెతో తుడుచుట అక్కడ అనవసరపు శ్రమ కాదు. ఫానులను, పంపు తీగను కలిపి, యంత్రమును నడిపి, మొదట చూడవలసినది పంపు తిరుగు వేగము, ప్రాసెసరు ఉష్ణోగ్రత. పంపు తీగను కలుపుట మరచినచో ద్రవము నిండుగా ఉన్నను నిమిషములలో ప్రాసెసరు వేడెక్కి తన వేగమును తానే తగ్గించుకొనును, లేదా ఆగిపోవును. ముఖద్వారము పూడిన సరస్సు స్థితియే అది.

వెచ్చని నీటి యుగము

ఇంతవరకు జరిగిన చరిత్రలో ఒక నమ్మకము మారలేదు: యంత్రమునకు వీలైనంత చల్లని ద్రవము కావలెననునది. దానిని మార్చినది ఇటీవలి కాలము. ప్రాసెసరు లోపల 70, 80 డిగ్రీల వేడి ఉన్నను అది చక్కగా పనిచేయును. అట్లయిన నీరు 10 డిగ్రీల వద్ద ఉండనేల? వేడి ప్రవహించుటకు చల్లదనము అక్కరలేదు, ఉష్ణోగ్రతలో తేడా ఉన్న చాలును. 2010లో స్విట్జర్లాండులోని జూరిచ్ నగరమున అక్వసార్ అను యంత్రమును సుమారు 60 డిగ్రీల నీటితో చల్లబరచి చూపిరి. 2012లో మ్యూనిక్ సమీపమున సూపర్‌మక్ అను మహాయంత్రము వెచ్చని నీటితోనే నడచెను. వెచ్చని నీటిని మరల చల్లార్చుటకు కంప్రెసరు అక్కరలేదు. బయటి గాలికి చూపిన చాలును. విద్యుత్తు ఎంతయో మిగులును.

ఉష్ణదేశములకు ఈ భేదము మరింత ముఖ్యమైనది. పులికాట్ తీరమున గాలిలో తేమ ఎక్కువ. చల్లని సీసా పైన నీటిబిందువులు పట్టినట్లే, మిక్కిలి చల్లని గొట్టము యంత్రములో ఉన్నచో దానిపై మంచు పట్టి విద్యుత్ భాగములపై జారును. గాలి కంటె వెచ్చని నీరు తిరుగు గొట్టముపై మంచు పట్టదు. చలువకు వెచ్చని నీరు మేలు అను మాట వినుటకు వింతగా ఉన్నను, శాస్త్రము దానినే సమర్థించుచున్నది.

మన దేశమున 2024 సెప్టెంబరు 26న రెండు క్రొత్త వాతావరణ గణనయంత్రములు జాతికి అంకితమైనవి: పుణెలో అర్క, నోయిడాలో అరుణిక. మొదటిది 11.77, రెండవది 8.24 పెటాఫ్లాపుల శక్తి గలవి. ఒక పెటాఫ్లాపు అనగా సెకనుకు కోటి కోట్లకు పదిరెట్ల లెక్కలు. ప్రాసెసరులపై ఆనించిన పలకలలో వెచ్చని నీరు తిరుగు విధానమున నిర్మింపబడిన శ్రేణికి చెందినవి ఈ యంత్రములు. అర్కపై నడచు భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అను సూచన విధానము 2025 మే నెలలో ప్రారంభమైనది. అది దేశమును 6 కిలోమీటర్ల గడులుగా విభజించి లెక్కకట్టును. అంతకు ముందు గడి వెడల్పు 12 కిలోమీటర్లు. గడి వెడల్పు సగమైన గడుల సంఖ్య నాలుగింతలగును. కాలమును కూడ సగము సగముగా ముక్కలు చేయవలసి వచ్చుటచే లెక్కల పని సుమారు ఎనిమిదింతలగును. దానితో వేడియు పెరుగును. సుమారు 60 కిలోమీటర్ల పొడవు గల పులికాట్ సరస్సు పాత లెక్కలో ఉత్తరము నుండి దక్షిణమునకు అయిదు గడులు. క్రొత్త లెక్కలో పది. ఏ ఊరి మీద వాన పడును, ఏ ఊరు తప్పించుకొనును అని చెప్పుటలో ఈ భేదము చిన్నది కాదు.

తెల్లవారుజామున సరస్సులోనికో సముద్రములోనికో పడవను నెట్టు జాలరికి ఆ రోజు గాలి, వాన ఎట్లుండునో చెప్పు సూచన వెనుక, దూరమున ఎక్కడనో ఒక గదిలో వెచ్చని నీరు అతుకు వీడక, పంపు ఆగక తిరుగుచున్నది. శ్రీహరికోటలో ఆగిన పంపు, క్రే యంత్రమున చిమ్మిన నూనె, గృహ కంప్యూటరులో గలగలలాడు గాలిబుడగ, ఇవన్నియు ఒకే పాఠమును చెప్పినవి. వేడిని ఎవరును చంపలేరు. దానికి దారి చూపవచ్చును, ఆ దారి ఎక్కడను పూడిపోకుండ కాపాడవచ్చును. రాగిపలకకు ప్రాసెసరునకు నడుమ వెంట్రుక వాసి గాలిపొర నుండి మహాయంత్రపు గొట్టముల చివరి అతుకు వరకు, ఇంజనీరు చేయు పని అంతయు ఆ కాపుదలయే.